గిర్ని ఎదురుగా ఒక సర్వర్

గిర్ని భాయ్ నా సర్వర్‌ను పిండి డబ్బా అన్నది ఒక మంగళవారం, ఉదయం పది గంటలకు, దీక్ష టెంటు కింద, పదిహేను మంది ఎదుట. తేదీ కూడా చెప్పగలను. చెబితే నన్ను పగపట్టే మనిషి అంటారని ఊరుకుంటున్నాను.

తెలంగాణ కోసం సిద్దిపేటలో వాడకో టెంటు వెలిసిన రోజులవి. మా వాడ టెంటు మా ఇంటి పక్కనే, మలుపులో ఉండేది. రోజుకో జట్టు రిలే నిరాహార దీక్షకు కూర్చునేది. ఒకరోజు దర్జీలు, ఒకరోజు ఆటోవాళ్లు, ఒకరోజు గీత కార్మికులు, ఒకరోజు వాడ ఆడవాళ్లం. వెనక బ్యానరు మీద అది ఎన్నో రోజో రాసిన కాగితం అతికించేవాళ్లు. జట్టు కూర్చోగానే ఆ అంకె కనబడేలా ఫోటో తీయాలి. వాడలో కెమెరా నాకొక్కదానికే ఉండటంతో ఆ పని నా మీద పడింది. నేను ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచర్ని. ఆ ఏడు బడి తెరిచిన రోజులకంటే బంద్ అని మూసిన రోజులే నాకు ఎక్కువ గుర్తున్నాయి.

ఫోటోలన్నీ మా ఇంట్లో సర్వర్లో దాచేదాన్ని. సర్వర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు, పాత కంప్యూటర్ పెట్టె. తెర లేదు, కీబోర్డు లేదు. ఒక మూల ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. లోపలి గదిలోంచి నా కంప్యూటర్ అడిగినప్పుడల్లా దాచినవి తీసి ఇస్తుంది. కెమెరాలో కార్డు చిన్నది. నేటి ఫోటోలు సర్వర్లోకి పోతేనే రేపటివాటికి చోటు. అంటే మా వాడ అన్నాళ్లు కూర్చున్నదానికి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం ఆ రేకు పెట్టెలో ఉంది.

ఆ మంగళవారం టెంటు కమిటీ పెద్దమనిషి అడిగాడు.

"టీచరమ్మా, గీ ఫోటోలు పదిలమేనా? తెలంగాణ వచ్చినంక మన్మలకు సూపియ్యాలె."

"ఒక్క ఫోటో పోయినా నన్నడుగున్రి," అన్నాను.

పక్కనే గిర్ని భాయ్ ఉన్నాడు. మా ఎదురింటి పిండి గిర్ని ఆయనది. ఇంట్లో ఉర్దూ, గిర్నిలో తెలుగు, వెక్కిరించడానికి రెండూ. "నా గిర్నికి ఎదురుంగ వెట్టినవ్ గదా టీచరమ్మా. గది కంప్యూటర్ కాదు, పిండి డబ్బా. నెల దినాలయితే దాంట్లకెళ్లి రొట్టెలు చేసుకోవచ్చు," అన్నాడు.

అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

నిజానికి సర్వర్‌ను అక్కడ పెట్టాలని నేను కోరుకోలేదు. ఇన్వర్టర్ లైను ముందరి గదిలోని ఒక్క ప్లగ్గుకే ఉంది. కరెంటు పోయినా ఆగకూడదంటే అక్కడే ఉండాలి. ఆ ప్లగ్గు కిటికీ కింద ఉంది. కిటికీకి ఎదురుగా గిర్ని. కిటికీ మూద్దామంటే అది మా అత్తమ్మ టీవీ. పొద్దున చాయ్ గ్లాసుతో కూర్చుంటే గిర్నికి ఎవరు ఏం పట్టించడానికి తెచ్చారో చూసి, ఎవరింట్లో ఏం వండుతున్నారో చెప్పేది.

దుమ్ము ఒక రకం కాదు. రోడ్డు దుమ్ము, గిర్ని దుమ్ము. బంద్ రోజున బస్సులు, లారీలు ఉండవు కాబట్టి రోడ్డు దుమ్ము తగ్గేది. ఉద్యమం వల్ల నాకు నేరుగా కలిగిన లాభం అదొక్కటే. కానీ గిర్ని బంద్‌లో ఉండేది కాదు. జనం రొట్టెలు తినాలిగా అని షట్టరు సగం దించి నడిపేవాడు.

నేను ఊరుకోలేదు. మొదటి అర్జీ గిర్ని భాయ్‌కే రాశాను, గుమ్మానికి తడి గోనెపట్టా కట్టమని. ఆయన చదివి, మడిచి, తక్కెడ కింద ఎత్తు కోసం పెట్టుకున్నాడు. ఇప్పటికీ అది అక్కడే ఉందని నా అనుమానం. రెండో అర్జీ రోడ్డు మీద నీళ్లు చల్లించమని మున్సిపాలిటీకి. వెళ్తే అందరూ సమ్మెలో ఉన్నారు. తీసుకునేవాళ్లు లేక కిటికీ సందులోంచి లోపలికి వేసి వచ్చాను. మూడోదే నా మీదికి వచ్చింది. వంటావార్పు అని వాడంతా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తిన్నారు. మూడు రాళ్ల పొయ్యి సరిగ్గా మా కిటికీ కింద పెట్టారు. బూడిదంతా ఇంట్లోకి. పొయ్యి పది అడుగులు జరపమని టెంటు కమిటీకి రాసి ఇచ్చాను.

పెద్దమనిషి కళ్లజోడు తీసి నన్ను చూశాడు. "టీచరమ్మా, నీకు తెలంగాణ గావాల్నా, డబ్బా గావాల్నా?"

"రెండూ గావాలె," అన్నాను.

ఆ రోజు కిచిడీ నాకు అడుగంటిన భాగం పెట్టారు. పొరపాటున పడిందని మా ఆయన అంటాడు. నేను ఒప్పుకోను.

ఇక నా దారి నేను చూసుకున్నాను. గోధుమరంగు టేపు చుట్ట తెచ్చి, సర్వర్ ముందు వైపు చిల్లులన్నీ, మూతల సందులన్నీ కనబడినచోటల్లా మూసేశాను. వెనక గాలి బయటికి తోసే ఫ్యాను ఒక్కటే వదిలాను. దుమ్ము వచ్చే దారే లేకపోతే దుమ్మెట్లా వస్తుందని నా లెక్క. వారం తర్వాత విప్పితే ముందుకంటే ఎక్కువ ఉంది. ఇంకో చుట్ట తెచ్చాను.

నా అవస్థ చూసి అత్తమ్మకు జాలి కలిగింది. పాత చీరలు నాలుగు మడతలు వేసి సర్వర్‌కు కొలతకు బొంత కుట్టింది. నాలుగు మూలలా కట్టుకునే తాళ్లు కూడా పెట్టింది. మా ఇళ్లలో మిక్సీకి బట్ట ఉంటుంది, టీవీకి బట్ట ఉంటుంది. దీనికి మాత్రం ఎందుకుండకూడదు? నేను చూడనప్పుడు తొడిగి గట్టిగా ముడులు వేసింది.

అది నలభై రెండో రోజు. చిన్న వ్యాపారులు కూర్చున్నారు. జట్టు ఫోటో పొద్దున్నే తీసి సర్వర్లో వేశాను. గిర్ని భాయ్ కూడా ఆ జట్టే. కానీ ఎవరివో గోధుమలు సగంలో ఉన్నాయని పదకొండింటికి వచ్చాడు. ఉతికిన తెల్ల లాల్చీ, మెడలో దండ. "నా ఫోటో మంచిగ తియ్యి టీచరమ్మా, గిర్నిల కట్టిచ్చుకుంట," అన్నాడు. వరుస చివర కూర్చోబెట్టి తీశాను. బాగా వచ్చింది. అది కూడా నాకు గుర్తే.

ఇంటికొచ్చి కెమెరా కార్డును నా కంప్యూటర్‌కు పెట్టి, అందులోంచి ఆ ఫోటోను సర్వర్లోకి పంపాను. కాపీ చేయాల్సింది, కట్ చేశాను. కట్ చేయొద్దని పిల్లల్ని ఎన్నిసార్లు గోడకుర్చీ వేయించానో! ఫోటో ఇక్కడినుంచి పోయింది, అక్కడికి చేరేలోపే బొంతలో ఉడికిపోయిన సర్వర్ టక్కున ఆగిపోయింది. బొంత విప్పి, చల్లార్చి మళ్లీ వేస్తే పాత ఫోటోలన్నీ ఉన్నాయి. అదొక్కటే లేదు. నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించినా తిరిగి రాలేదు.

అత్తమ్మ బొంత మడతపెట్టుకుంటూ, "సల్లగుంటదనుకున్న బిడ్డా," అంది. ఆమెనేమనను?

రెండు రోజులకు గిర్ని భాయ్ పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు. చెప్పక తప్పలేదు. చేతిలో పెన్‌డ్రైవ్‌ను ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"గిర్ని బంద్ వెట్టి కూసున్న. వాడల అందరియీ ఉన్నయి. నాదొక్కటే లేదా?"

"నీ పిండే నీ ఫోటోను మింగింది భాయ్. నమ్మకపోతే సూడు," అని సర్వర్ పక్క రేకు విప్పాను.

వరుసగా మూడు తుమ్ములు తుమ్మాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఫ్యాను రెక్క మీది దుమ్మును వేలితో తీసి నలిపి చూశాడు. ఆయన ముఖం మారిపోయింది. నగలు చూసే షరాబులా అయింది.

"గీ పైన తెల్లది బియ్యప్పిండి, మొన్నటిది. దాని కింద పసుపు, సందు మీది పెండ్లోళ్లది. గీ ఎర్రది కారం, ఎండకాలం తొక్కులప్పటిది. అవ్వా, మీదే కావచ్చు."

"మాదే. మస్తు ఘాటుండె," అంది అత్తమ్మ కిటికీ దగ్గర నుంచి.

"మరి గీ నల్లది? గిది నాది కాదు."

"గది వంటావార్పు బూడిద. తెలంగాణది," అన్నాను.

"హమ్మయ్య. అయితే నేనొక్కన్నే దొంగను కాదు." లేవబోతూ టేపు చూసి ఆగాడు. "గిదేంది, గిట్ల గొంతు పిసికినవ్?"

"దుమ్ము రావద్దని."

"ఎనకకెళ్లి హవా బయటికి గుంజుతున్నవ్. ముంగట మూసినవ్. పెట్టె ఊపిరి కోసం యాడ సూది బెజ్జం దొరికితే ఆడికెళ్లి గుంజుతది. దుమ్ముతోని సహా. నా గిర్ని సూసినవా ఎన్నడన్న? పిండి పడే మూతికి గుడ్డసంచి ఎందుకు కడత? లోపల హవా ఎక్కువుంటది. సందు దొరికిన కాడల్లా పిండి బయటికి తన్నుకొస్తది గాని, బయటి దుమ్ము లోపలికి పోదు. నీ పెట్టెను గూడ గట్లనే ఉబ్బియ్యాలె."

పదేళ్లు కంప్యూటర్లు చెప్పినదానికి పిండి పట్టేవాడు పాఠం చెప్పడం! మాటకు మాట అనాలని నోరు తెరిచాను. కానీ ఆయన చెప్పింది నిజం.

అత్తమ్మ అగరుబత్తి వెలిగించి తెచ్చింది, పొగ ఎటు పోతుందో చూద్దామని. టేపు ఊడిన సందు దగ్గర పెడితే పొగ సన్నటి దారంలా లోపలికి పోయింది. ఇంకో సందు దగ్గర పెడితే అక్కడా అంతే. గిర్ని భాయ్ మిగిలిన టేపు చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

మర్నాడు టేపంతా పీకేశాను. ముందు వైపు గాలి లోపలికి ఊదే పెద్ద ఫ్యాను బిగించాను. వెనక ఫ్యాను వేగం తగ్గించాను. ముందు ఫ్యానుకు వడపోత గుడ్డ కావాలంటే నేను కొత్త గుడ్డ చించబోయాను. భాయ్ గిర్నిలోంచే కేక వేశాడు.

"కొత్తది వద్దు! గంజి ఉంటది, ఊపిరాడది. ఆగు!" అని ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ తన గిర్ని గుడ్డ తెచ్చాడు. "ఫ్యానంత చిన్నగ కొయ్యకు. పెద్దగుండాలె. గుడ్డ ఎంత వెడల్పుంటే హవా అంత సులువుగ వస్తది."

అత్తమ్మ జాలీ చినిగిన పాత జల్లెడ ఇచ్చింది. దాని చట్రానికి గుడ్డ బిగించి, ఫ్యాను ముందు అట్టతో గొట్టంలా కట్టి నిలబెట్టాం. చూడటానికి సర్వర్ డప్పు పట్టుకుని ఊరేగింపుకు బయల్దేరినట్టు ఉంది. మళ్లీ అగరుబత్తి తెచ్చి సందు సందుకూ తిప్పింది అత్తమ్మ. ప్రతి సందు దగ్గరా పొగ బయటికే తన్నుకుపోయింది. ఆమె సంబరం పట్టలేక పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పింది.

వారం తర్వాత గుడ్డ తెల్లగా పిండి పట్టి ఉంది. పెట్టె లోపల వేలు పెడితే శుభ్రంగా ఉంది. ప్రతి శుక్రవారం గుడ్డ దులపడం నేర్చుకున్నాను. దులిపేది గిర్ని వైపే. అంత మాత్రం హక్కు నాకుంది.

గిర్ని భాయ్‌కి మళ్లీ వంతు వచ్చేలోపే దీక్షలు ముగిశాయి. నాకు మనసు ఊరుకోక, ఆయన వేరే ఫోటో ఏదైనా ఇస్తే వరుస చివర అతికిస్తాను, ఎవరూ గుర్తుపట్టరు అని చెప్పాను.

"తోబా! దొంగ ఫోటో నాకెందుకు?" అన్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలో అదే మలుపులో మళ్లీ టెంటు వేశారు, ఈసారి మిఠాయిలకు. మా టీవీని టెంటు కింద పెట్టి, సర్వర్ నుంచి వైరు లాగి, మొదటి రోజు నుంచీ ఫోటోలు చూపించాను. ఒక్కో అంకెకు ఒక్కో కేక. చనిపోయినవాళ్లు వచ్చినప్పుడు దండాలు, జుట్టు ఊడినవాళ్లు వచ్చినప్పుడు నవ్వులు. నలభై రెండో రోజు వచ్చింది. పొద్దున తీసిన జట్టు ఫోటో.

పెద్దమనిషి టీవీకి దగ్గరగా వంగాడు. "భాయ్, ఆ దినం నువ్వు గూడ కూసున్నవ్ గదా. ఏడున్నవ్?"

టెంటంతా నా వైపు చూసింది. ఒక్క ఫోటో పోయినా నన్నడగమన్నది వీళ్ల ముందే.

"నేనా?" అన్నాడు భాయ్, లడ్డూ నములుతూ. "నేను ఆలస్యంగ వచ్చిన. అప్పటికే ఫోటో దిగుడు అయిపోయె. టీచరమ్మ తప్పు లేదు."

అందరూ తల ఊపారు. తర్వాతి ఫోటోకు పోతే సరిపోయేది. కానీ నా వల్ల ఒక మనిషి తాను కూర్చున్న రోజును తానే కొట్టేసుకుంటుంటే చూస్తూ ఉండటం నా వల్ల కాలేదు.

"అబద్ధం!" అన్నాను. "ఆయన కూసున్నడు. పదకొండింటికెళ్లి సాయంత్రం దాక కూసున్నడు. ఫోటో నేను తీసిన. నేనే పోగొట్టిన."

టెంటు లేచిపోయేలా నవ్వారు.

"టీచరమ్మా," అన్నాడు భాయ్ తల పట్టుకుని, "నీ కోసం అబద్ధమాడితే నా మీదనే ఫిర్యాదు జేస్తవా? ఒక్క దినమన్న గమ్మున ఉండరాదా నీకు?"

"ఉండరాదు. ఆ దినం ఏడ కూసున్నవో ఆడ కూసో."

ఆయన లేచి, టీవీ పక్కన, తెర మీద వరుస ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడ, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎవరో తమ మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశారు. తెర మీద కిరాణా కొట్టాయన భుజం, దాని పక్కన నిజం భాయ్ భుజం. తీశాను.

"కండ్లు మూసుకున్ననా?" అని అడిగాడు.

"మూసుకున్నవ్."

"అయితే ఇంకోటి తియ్యి. ఈపారి నవ్వుత."