గురజాల దారిలో పగిలిన ఇంజను

అక్కకు కాన్పు కష్టమైందనీ, నరసరావుపేట ఆసుపత్రిలో అమ్మ కోసం కలవరిస్తోందనీ మాచర్లలో మాకు కబురు అందేసరికి పొద్దుటి బస్సు వెళ్లిపోయింది. మళ్లీ మధ్యాహ్నం రెండింటికి గాని, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బొగ్గు బస్సు లేదు. అంతసేపు ఆగడం నా వల్ల కాలేదు. మస్తాన్ సాయిబు పాత మోటారు కారును పన్నెండు రూపాయలకు మాట్లాడాను. మూడు చేతులు మారిన బండి అది. యుద్ధం వల్ల కొత్త సామాను దొరకని రోజులు.

బయలుదేరేముందు మస్తాన్ నీళ్లు కారుతున్న రేడియేటరులో గుప్పెడు పసుపు పోశాడు. అమ్మ అది పూజనుకుని దణ్ణం పెట్టింది.

"దణ్ణం దేనికక్కా, బొక్క పూడ్చటానికి. పసుపు నాని బిగుసుకుంటది" అని అమ్మను చూసి నవ్వాడు మస్తాన్.

కారడం ఆగింది. తొమ్మిదింటికి బయలుదేరి రెంటచింతల దాటాము. ఆ పసుపే సన్న గొట్టాల్లో పేరుకుని నీటికి అడ్డుపడిందని తరువాత తెలిసింది. గురజాల ఇంకా నాలుగు మైళ్లుండగా ఆవిరి కమ్మి బండి నిలిచిపోయింది.

"అరగంట చల్లారనీ. దాని జోలికి పోబాక" అన్నాడు మస్తాన్.

"ఇట్టాంటి పాత ఇనుము జనానికి అంటగట్టటం దోపిడీ కాదా మామా?" అన్నాను.

"చానా బాగా చెప్పావు. నీ పార్టీ కరపత్రాలు చదివి వినిపించు అల్లుడూ, ఇంజను చల్లారుద్దేమో."

అతను నీళ్లకోసం చేలవైపు వెళ్లాడు. "ఇంకెంతసేపురా?" అని అమ్మ మూడోసారి అడిగింది. అమ్మ తాగటానికి బండిలో తెచ్చుకున్న కుండెడు చన్నీళ్లు తీసి, కాలుతున్న ఇంజను మీద కుమ్మరించాను. ఎండుకట్టె విరిగినట్టు ఒక్కటే చప్పుడు.

మస్తాన్ తిరిగొచ్చి ఇనుములో పడిన పగులును వేలితో తడిమి చూశాడు. ఖాళీ కుండ వంకా, నా వంకా చూశాడు. అతని కూడు ఆ బండే.

"ముసలి ఇంజనక్కా. దాని ఆయుస్సు తీరింది" అన్నాడు అమ్మతో. కిరాయి తీసుకోలేదు.

నేను కాదనుకున్న బొగ్గు బస్సే నాలుగు గంటలకు వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. పేట చేరేసరికి దీపాలు పెట్టారు. అక్క అప్పటికే పోయింది.

"పొద్దుగూకేదాకా గుమ్మం వంకే చూసిందమ్మా" అంది ఆసుపత్రి ఆయా.

లోకంలో తప్పంతా ఎవరిదో ఆ కరపత్రాలు చదివి నేర్చుకున్నాను. ఆనాటి తప్పు మాత్రం నాది. అమ్మ ఇప్పటికీ ఆ ఇంజనునే తిడుతుంది. నీళ్లు పోసింది నేనేనని ఆమెకు ఈనాటికీ చెప్పలేదు. ఈ దారిన పాత బండిలో వెళ్లేవారికి ఒక్క మాట: ఇంజను మరిగితే, చెయ్యి పెట్టినా కాలనంతగా చల్లారాకే నీళ్లు పోయండి. పక్కన కన్నతల్లి ఏడుస్తున్నా సరే, ఆగండి.