ఎర్రచుక్క చేపలు

అమెరికాలోని ఈ బాతెల్ ఊళ్ళో నీ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే బయోటెక్ అని చెప్పి ఊరుకుంటాను. నిజానికి నేను చేపలకు మేత వేస్తాను, నీళ్ళు మారుస్తాను, పొద్దున్నే వెళ్ళి చచ్చినవాటిని ఏరి వాటి నంబర్లు రాసుకుంటాను. మాస్టర్స్ చేసింది ఇందుకా అని మా ఆయన వేళాకోళం చేస్తాడు. చేస్తే చేశాడు, నాకా పని ఇష్టం.

ఆ చేపలు వేలెడంత కూడా ఉండవు. కిల్లీఫిష్ అంటారు. ఆఫ్రికా దక్షిణాన వానలకు నిండి ఎండలకు ఇంకిపోయే నీటిగుంటల్లో పుడతాయి. గుంట ఎండేలోపే పెరిగి, గుడ్లు పెట్టి, చచ్చిపోవాలి. గుడ్లు మాత్రం ఎండిన బురదలో మళ్ళీ వాన పడేదాకా అలాగే పడి ఉంటాయి. ల్యాబులో నీళ్ళు ఎప్పుడూ నిండుగానే ఉన్నా, ఆరు నెలలు దాటి బతికేవి తక్కువ. నాలుగో నెలకే మగచేప ఒంటిమీది నీలం వెలిసిపోతుంది, వెన్ను వంగుతుంది, మేత కళ్ళముందు పడినా తడుముకుంటుంది. ముసలితనాన్ని తొందరగా చూడాలనుకునేవాళ్ళకు ఇంతకంటే అనువైన ప్రాణి దొరకదు. మా కంపెనీ వాటిని పెంచేది అందుకే.

ఆ జనవరిలో ఒక కొత్త మందు మొదలుపెట్టారు, వయసుతో మెదడు మందగించడాన్ని ఆపుతుందేమోనని. సగం చేపలకు మందు కలిపిన మేత, మిగతా సగానికి ఉత్త మేత. ఏది ఏదో మేత వేసే మనిషికి తెలియకూడదు. అందుకని ఒక డబ్బాకు ఎర్రచుక్క, ఇంకోదానికి పసుపుచుక్క అంటించారు. ఏ చుక్కలో ఏముందో రాసిన కాగితం మేనేజర్ దగ్గర సీలు వేసిన కవర్లో ఉంది. ఊహించడం కూడా తప్పేనని ఆమె మొదటిరోజే చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపాను.

మా అపార్ట్‌మెంట్లకు రెండు వీధుల అవతల ఒక అక్క ఉంటుంది. చుట్టరికం లేదు. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు పక్కన కూర్చుని నాకు డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఆమె భర్తను బావగారు అంటాను. యాభై మూడేళ్ళకే ఆయనకు మతిమరుపు జబ్బు వచ్చింది. ఆఫీసు నుంచి ఇంటికి రావలసిన మనిషి, ఎప్పుడో ఖాళీచేసిన పాత అపార్ట్‌మెంటుకు వెళ్ళి తలుపు కొట్టారు. ఆ తర్వాత కార్ తాళాలు అక్క దాచేసింది.

ఆదివారం భోజనానికి వెళితే అక్క అడిగేది ఒకటే. "ఏమ్మా, మీ చేపలు ఎట్లా ఉన్నాయి?"

"చేపల మీద పనిచేసినా మనుషులదాకా రానీకి ఏళ్ళు పడ్తదక్కా," అని మొదట్లో చెప్పాను. చెప్పలేదని కాదు. కానీ ఆ మాట అన్న ప్రతిసారీ ఆమె మొహం చూడలేకపోయేదాన్ని. పైగా నాకు తెలిసిందేదో దాచుకునే ఓపిక పుట్టుకతోనే లేదు.

మార్చిలో ఒక ఆదివారం నోరు జారాను.

"ఎర్రచుక్కవి మంచిగున్నయక్కా. నన్ను చూస్తే చాలు, ఉరికొస్తయి. పసుపువి అడుగున్నే ఉంటయి. మందు ఎర్రదాంట్లోనే ఉంది, నాకు డౌటే లేదు."

అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "విన్నారా?" అని బావగారి వైపు తిరిగింది.

"అయితే నన్నూ ఎర్రచుక్కలో చేర్పించండి," అన్నారాయన. ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో అలా నవ్వి చాలా రోజులైంది. నాకు గొప్పగా అనిపించింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నాలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది.

జులైలో మేనేజర్ కవర్ తెరిచింది. ఎర్రచుక్కలో ఉన్నది ఉత్త మేత. మందు తిన్నవి పసుపువి. రెండు వైపులా చేపలు దాదాపు అన్నీ ఇంచుమించు ఒకే వయసులో చచ్చిపోయాయి. మందు పనిచేయలేదు.

మర్నాడు మేత డబ్బాలు పట్టుకుని చేపతొట్ల ర్యాకుల ముందు నిలబడితే నా తెలివితక్కువతనం నాకే కనబడింది. ఎర్రచుక్క ర్యాకు ఎడమవైపు, తలుపు పక్కన. నేను రోజూ అక్కడినుంచే మొదలుపెడతాను. నేను తలుపు తీయగానే మేత వస్తుందని ఆ చేపలకు అలవాటైంది. పసుపువాటి వంతు వచ్చేసరికి గంట పట్టేది. అప్పటిదాకా అద్దం దగ్గర ఎదురుచూసి, విసిగి, అడుక్కి పోయేవి. రోజు మార్చి రోజు వరుస మార్చాలని నిన్నగాక మొన్న చేరిన స్టూడెంటుకు కూడా తెలుసు. మిగిలిన తొమ్మిది చేపలను మత్తునీళ్ళలో వేసి నేనే చంపాను. పనిలో భాగమే, కానీ ఆరోజు నామీద నాకు అసహ్యం వేసింది.

ఆదివారం మధ్యాహ్నం అక్క గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. బావగారు హాల్లో ఉతికిన తువ్వాళ్ళు మడతపెడుతున్నారు.

"అక్కా, ఆ మందు పనిచెయ్యలే. ఎర్రచుక్కల అసలు మందే లేదు. నేనే అట్ల అనుకొని నీకు చెప్పిన."

ఆమె చేతులు ఆగలేదు. "మార్చిలో హాస్పిటల్ వాళ్ళు వేరే మందు ట్రయల్‌కి పిలిచారమ్మా. వెన్నులో సూది గుచ్చి నీళ్ళు తీస్తారంట. దాంట్లో చేరితే ఇంకోదాంట్లో చేరకూడదన్నారు. మీది వస్తుంది గదా అని వద్దన్నాం."

"ఇప్పుడు మళ్ళ అడగొచ్చు గదా."

"ఆయనకి మతిమరుపు ముదిరిపోతుంటే భయమేసి జూన్‌లో అడిగాను. మెమరీ టెస్ట్ చేశారు. స్కోరు వాళ్ళ లిమిట్ కన్నా కిందకు పడిపోయింది. ఇంక తీసుకోరు."

మూడు నెలలు. నా చేపలకైతే అది సగం జీవితం. ఆయనకు అదే ఆఖరి అవకాశమని నాకు అప్పుడు తెలిసింది. అక్క తిడుతుందేమోనని చూశాను, తిట్టాలని కూడా కోరుకున్నాను. ఆమె లేచి నాకోసం కూర డబ్బాలో పెట్టింది. గుమ్మందాకా వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు చెప్పకపోయినా మేం చేరేవాళ్ళం కాదులే. ఆయనకి ఆ సూదంటే భయం."

"నాకా?" అన్నారు బావగారు హాల్లోంచి, తువ్వాలు పట్టుకుని. "నాకు సూదులంటే భయమెప్పుడు? చేరతాననే అన్నాను గదా."

అక్క నా భుజం మీది చెయ్యి తీసేసింది.