ఎనుకకు రాని సీటు

కొత్తగ అత్తగారింటికి వచ్చిన రోజులల్ల నాకు భయపడుడు తప్ప వేరే పనే లేకుండె. మిక్సీ చప్పుడుకు భయం, అత్తమ్మ దగ్గుకు భయం, అన్నిటికంటె ఎక్కువ మా చిన్నమామ కారంటె భయం. (చిన్నమామ అంటె మా మామ తమ్ముడు, తలుపు దాటాలంటె వంగాల్సినంత పొడుగు మనిషి.) హైదరాబాద్‌ల ఎవలో వాడిన పెద్ద కారు కొనుక్కొచ్చిండు. గుండీ ఒత్తితె డ్రైవరు సీటు దానంతట అదే జరుగుతది. మనిషికో నంబరు గుండీ, అది ఒత్తితె ఆ మనిషి కొలత యాదికుంచుకొని సరిగ్గ అక్కడికే వచ్చి ఆగుతది. కరీంనగర్‌ల మా గల్లీవోళ్లంత ఆ సీటు జరుగుడు చూసిపోనీకె వచ్చేటోళ్లు. బడి నడుమల్నే బందువెట్టినదాన్ని, నాకైతె అది సీటు లెక్క కాదు, బుద్ధి ఉన్న జీవం లెక్కనే కనబడేది.

పెండ్లయినంక నిర్మల్‌ల మా అవ్వ, అంటె మా అమ్మ, నాకు మొదటిసారి ఒడిబియ్యం పోసింది. (పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరపండ్లు బిడ్డ కొంగుల పోసి అత్తగారింటికి తోలుడు మా దిక్కు పద్ధతి.) ఆ మూట ఒడిల వెట్టుకొని ఆ కార్లనే చిన్నమామ ఎనుక కూసున్న. జగిత్యాల దాటినంక బర్రె అడ్డం వచ్చింది, చిన్నమామ బ్రేకు గట్టిగ తొక్కిండు, నా కొంగు ముడి ఊడింది. బియ్యమంత ఏరి మళ్ల మూట కట్టుకున్న గని, ఇంటికొచ్చి చూస్తె ఒక కుడుక లేదు. "తొవ్వల ఆకలైందా పిల్లా?" అన్నది అత్తమ్మ. అంతే, వాడకట్టంత నాకు కుడుకలు తిన్న కోడలని పేరు వడ్డది.

గా ముచ్చట చల్లారకముందే నిర్మల్‌ల మా చెల్లె పెండ్లి వచ్చింది. ముందుగాల పోత అంటె అత్తమ్మ "పెండ్లినాడు అందరం కల్సే పోదం" అన్నది. ఆ రోజు తెల్లారంగనే చెల్లె ఫోను: "అక్కా, నువ్వు రానిది నేను పీటల మీద కూసోను." నేను చీర కట్టుకొని వాకిట్ల నిలవడ్డ. చిన్నమామ చదివింపుల కట్నానికి తెచ్చిన ఇత్తడి బిందె ఎనుక పెట్టనీకె తన సీటు ముందుకు జరిపిండు. జరిగింది. ఎనుకకు రమ్మంటె రాలే. ఎనుకకు గుండీ ఒత్తితె టక్కుమని ఆగుతుంది, ముందుకు ఒత్తితె మాత్రం ఇంకింత ముందుకు పోతుంది. ఒత్తి ఒత్తి సీటును స్టీరింగుకే ఆనించిండు. అయినా పట్టు విడువక లోపటికి దూరిండు. మోకాళ్లు గడ్డానికి వచ్చినయి. బయటికి గుంజనీకె మా ఆయిన ఒక చెయ్యి, మా మామ ఒక చెయ్యి పట్టిన్రు.

మూలమీది మెకానిక్ వచ్చి చూసి, "మోటరు కాలింది, సీటు మొత్తం మార్చాలె" అని చెప్పి పోయిండు. "బస్సుకన్న పోదం" అన్న మెల్లగ. "కారున్నోడు పెండ్లికాడ బస్సు దిగుతడా?" అన్నడు చిన్నమామ. అత్తమ్మ, "నా బిడ్డ పొట్టిదేనాయె, వస్తె అదే నడుపుతది" అంటె, "నా స్టీరింగు మీద ఇంకోల్ల చెయ్యి పడనియ్య!" అని లేచిండు.

ఆ మాటకే ఆటో దిగింది మా వదినె, అంటె అత్తమ్మ బిడ్డ, మా ఆయిన అక్క. పెద్దపల్లిల ఆమె, ఆమె పెనిమిటి కార్ల కరెంటు పనుల దుకాణం నడుపుతరు. పొట్టితనంల నేను, ఆమె జోడే. నోరు మాత్రం ఆమెదే పెద్దది. సంచిల పట్టుచీరతోపాటు కరెంటు చూసే మీటరు లేనిది గడప దాటదు. "నేను బతికుండంగ ఇంకోన్ని పిలిచిన్రా?" అనుకుంట కొంగు నడుముకు చెక్కుకున్నది. "మోటరు కాలితె ముందుకెట్ల పోతుంది చిన్నబాపూ? మోటరు మంచిగున్నది. సీటుకు తానెక్కడున్నదో ఎరుకలేదు. గోడకు ఆనుకొని ఉన్న అనుకుంటుంది, ఇంక ఎనుకకు పొమ్మంటె ఏం పోతది? పెండ్లిళ్లల్ల కల్లు తాగినంక నీ లెక్కనే." అందరు నవ్విన్రు, చిన్నమామ తప్ప.

వదినె ఎనుక సీటు ముందటి సందుల ముడుచుకొని పండింది. సీటు జాగ కనిపెట్టే సెన్సరు కింద ఉంటదట. మీటరు సూదులు పెట్టి, "దీనికి కరెంటు అందుతుంది. ఇప్పుడు జర గుండీ ఒత్తురా తమ్మీ" అన్నది మా ఆయినతోని. సీటు కదిలినప్పుడు మీటర్ల అంకె ఎగిరి దుంకాలెనట. అది చచ్చినట్టు పడున్నది. అప్పుడు వైరును వేళ్లతోని అంగుళం అంగుళం కదిలిచ్చుకుంట పోయింది. ఒక్కకాడ అంకె చటుక్కున ఎగిరింది. "దొరికిండు దొంగ!" అని అరిచి, ముందుగాల బ్యాటరీ తీగ ఊడవీకించి, సీటు జరిగే ఇనుప పట్టా సందులకు చెయ్యి దూర్చింది. వైరును పట్టాకేసి నలుపుతున్నదాన్ని బయటికి గుంజి పైకెత్తింది.

పసుపంటిన కుడుక.

వదినె దాన్ని అత్తమ్మ చేతుల వెట్టి, "అవ్వా, నీ కోడలు ఆకలికి తినలే. నీ మరిది సీటే తిన్నది" అన్నది. అత్తమ్మ కుడుకను కొంగుతోని తుడిచి, నా చేతికిచ్చి, నా తల మీద చెయ్యి వెట్టింది. నాకు నవ్వు, ఏడుపు ఒక్కపారే వచ్చినయి. వదినె తెగిన వైరు అతికి, టేపు చుట్టి, పట్టాకు దూరంగ కట్టింది. బ్యాటరీ తగిలించి సీటును ఒకసారి ఈ కొసదాక, ఒకసారి ఆ కొసదాక నడిపిచ్చింది, తప్పిపోయిన పిలగానికి ఇల్లు గుర్తుచేసినట్టు.

చిన్నమామ కారు చుట్టు ఒకసారి తిరిగొచ్చి, "బిడ్డా, రెండో నంబరు ఖాళీగున్నది. నీ కొలత దాంట్ల వెట్టుకో. ఇయ్యాల నువ్వే నడుపు" అని పక్క సీట్ల కూసున్నడు. మేం పోయినంకనే మా చెల్లె పీటలెక్కింది.

ఇప్పుడు చిన్నమామకు మోకాళ్ల నొప్పులు, కారు మా ఇంట్లనే ఉంటది. నేను సుత నడుపుడు నేర్చిన. కొత్తకోడలప్పుడు తలుపు ముట్టనీకె వణికినదాన్ని, ఇయ్యాల ఎక్కి రెండో నంబరు ఒత్తుత. సీటు గురుమంటూ ముందుకొచ్చి నా కాళ్లకు సరిగ్గ ఆగుతది. నా కొలత వేరే పెట్టుకొమ్మని వదినె ఎన్నిసార్లు చెప్పిందో. ఎందుకు వదినె, నీ జాగల్నే కూసుంట.