మెట్లక్క సంచులు వదిలేసిన రోజు

ఆ ఇస్త్రీ దుకాణంలో అందరూ ఆమెను మెట్లక్క అనే పిలిచేవారు. ఎదురుగా ఉన్న మూడు భవనాలకూ అయిదేసి అంతస్తులు, ఒక్కదానికీ లిఫ్టు లేదు. ఇరవై ఆరేళ్లుగా వాటికి ఇస్త్రీ బట్టలు మోసేది ఆమే. చేతుల మీద గడ్డం దాకా మడతలు పేర్చుకుంటే కాళ్లు కనబడవు. కనబడక్కర్లేదు కూడా. అంతస్తుకు పదహారు మెట్లు. లోపల్లోపల లెక్కపెట్టుకుంటూ ఎక్కడం, పదహారు కాగానే కాలు చదునుగా వేసి పక్కకు తిరగడం, అంతే. బట్టలు మోసినవాళ్లందరికీ ఒంటబట్టిన విద్యే ఇది. కుర్రతనంలో తనతో పాటు మోసిన మరిదికి నేర్పిందీ ఆమే.

ఆ మరిదే ఇప్పుడు యజమాని. అన్న, అంటే ఆమె భర్త, పోయాక ఆ కుర్చీలో కూర్చున్నాడు. చెడ్డవాడని అనలేం గానీ, ఎవరికి ఏది మంచిదో తనకొక్కడికే తెలుసన్న ధీమా మాత్రం కుర్చీతో పాటే వచ్చింది. వానలు తగ్గి ఎండ మెత్తబడగానే రెండు రోజులు దుకాణం మూసి పనివాళ్లందరినీ బస్సెక్కించడం అన్న పెట్టిన అలవాటు. మొదటి రోజు పాత కట్టడాలు, మర్నాడు ఆటలు. ఈసారి బస్సు కదిలి కాసేపైందో లేదో, మరిది వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. తిరిగి వెళ్లాక ఆమె ఇక మెట్లెక్కనక్కర్లేదట. లోపలి గదిలో కూర్చుని మడతలు పెడితే చాలట. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఎక్కడైనా జారిపడితే లోకం తననే ఆడిపోసుకుంటుందట.

ఆమెకు ఒళ్లు మండింది. లోపలి గదంటే ఆవిరి, నాలుగు గోడలు. కిటికీ అయినా లేదు. రెండో అంతస్తు టీచరమ్మ ముచ్చట్లు, రోజు మొత్తం మీద ఆమెతో తప్ప ఎవరితోనూ మాట్లాడని అయిదో అంతస్తు పెద్దాయన, డాబా మీద కాసేపు గాలి, ఇవన్నీ మెట్ల పైనే ఉన్నాయి మరి.

“ఇన్నేళ్లలో ఒక్కసారైనా పడ్డానా?” అంది.

“పడేదాకా ఆగమంటావా వదినా?” అన్నాడు.

కోట దగ్గర దిగగానే అందరూ ఎప్పటిలాగే తమ సంచులు ఆమె కాళ్ల దగ్గర పడేశారు. ఏటా సంచుల కాపలా ఆమెదే. ఎవరూ అడిగింది లేదు, ఆమె కాదన్నదీ లేదు. మిగతావాళ్లు ఫొటోల మోజులో పడి గైడు మాటలు చెవిన పెట్టలేదు. పాపం, అతనికి దొరికిన శ్రోత సంచుల మధ్య కూర్చున్న ఆమె ఒక్కతే.

“ఈ మెట్లు ఏ రెండూ ఒకేలా ఉండవమ్మా,” అన్నాడతను. “ఒకటి బెత్తెడు ఎత్తు, ఒకటి జానెడున్నర. కట్టినవాళ్లకు చేతకాక కాదు. పరుగెత్తుకొచ్చే శత్రువు కాలికి అలవాటు కాకూడదని.”

ఆమె ఆ మెట్ల వంక చాలాసేపు చూసింది.

సాయంత్రం అందరూ టీలు తాగుతుండగా, మర్నాడు ఆ కోట మెట్ల మీదే జరిగే పరుగు పందెంలో తన పేరు కూడా రాయమంది. కొందరు నవ్వారు, కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆమె వెళ్లి మరిది ఎదురుగా నిలబడింది.

“నీకంటే ముందు పైకి చేరితే మెట్లు నావి. లేదంటే నువ్వు చూపించిన మూల కూర్చుంటా, మళ్లీ నోరెత్తను.”

మరిదికి నలభై నాలుగు. వారం వారం వాలీబాల్ ఆడే మనిషి. నలుగురి ముందూ సరేనన్నాడు.

పొద్దున మళ్లీ సంచులన్నీ వచ్చి ఆమె పక్కన పడ్డాయి. ఆమె వాటిని అక్కడే వదిలేసి, నీళ్ల సీసా ఉన్న తన గుడ్డసంచి ఒక్కటి భుజాన తగిలించుకుని, కొంగు బిగించి గీత దగ్గర నిలబడింది. ఈల మోగగానే మరిది రెండేసి మెట్లు దూకుతూ పోయాడు. ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టి కిందికి చూసింది. చేతుల మీద బరువు లేకుండా, కాళ్లు చూసుకుంటూ మెట్లెక్కడం ఆమెకు అదే మొదలు. నోట్లోకి ఒకటి, రెండు అంటూ అంకెలు వాటంతటవే వస్తున్నాయి. వాటిని బలవంతాన మింగేసింది. ప్రతి మెట్టునూ కొత్త మనిషిని చూసినట్టు చూసి మరీ కాలు వేసింది.

సగం దూరంలో మరిది ఆయాసంతో ఆగి ఉన్నాడు. ఆమె దగ్గరికి రావడం చూసి మళ్లీ అందుకున్నాడు. ఇక దూకే ఓపిక లేక ఒక్కో మెట్టే ఎక్కుతున్నాడు. తల పైకెత్తే ఉంది, పెదాలు మాత్రం కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. “కింద చూడు” అని అరిచింది గానీ అప్పటికే పదహారు అయిపోయింది. అలవాటు కొద్దీ కాలు చదునుగా వేసి పక్కకు తిరగబోయాడు. అక్కడున్నది జానెడున్నర మెట్టు. బోర్లా పడ్డాడు.

ఆమె చేరేసరికి చీలమండ పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వంగి నొక్కి చూసింది. వేళ్లు కదపమంటే కదిపాడు.

“పందెం చాల్లే వదినా, నన్ను పట్టుకుని కిందికి దించు,” అన్నాడు.

దించితే అందరూ ఎంత మంచి మనిషో అనేవారే. అంటూనే లోపలి గదిలో కూర్చోబెట్టేవారే. ఆమె నీళ్లు తాగించి, గుడ్డసంచి తీసి అతని ఒళ్లో పెట్టింది.

“విరగలేదు, బెణికింది. ఈ సంచి చూస్తూ ఉండు మరిదీ. పైకి వెళ్లొచ్చి దించుతా.”

మిగతా మెట్లు ఆమె తొందర లేకుండా ఎక్కింది. కుర్రకారు కొందరు ముందే చేరి ఈలలు వేస్తున్నారు. పైన గాలి బాగా వీస్తోంది. కోటగోడ మీద చెయ్యి ఆనించి, కళ్లు తుడుచుకుని, అక్కడి నుంచి కనిపించినంత మేరా చూసింది. తర్వాత దిగొచ్చి, అన్నమాట ప్రకారం మరిదిని భుజం పట్టి దించింది.

సోమవారం మరిది కట్టు కట్టిన కాలితో కుంటుతూ వచ్చి, మొదటి భవనం బట్టలు తనే ఆమె చేతుల మీద పేర్చడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగాడు.

“ఈ పూటకు సగమే పెట్టనా వదినా?”

“గడ్డం దాకా పెట్టు.”

పెట్టాడు.