చివరి అంకం ఎవరు చూశారు

నేను అడిగింది ఒక్క మాట. మా ఊళ్లో అడిగాను, ఎర్రబోరు సంతలో అడిగాను, ఆఖరికి కోంట దాకా నడిచి వెళ్లి అడిగాను. ఇంతవరకు సరైన జవాబు ఇచ్చినవాడు లేడు. నవ్వినవాళ్లు మాత్రం చాలామంది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

బస్తర్‌లో రాజుగారి పాలన నడుస్తున్నప్పటి సంగతి ఇది. ఆ ఎండాకాలం మా ఇంటామె ఆడపిల్లలిద్దర్నీ నాకు వదిలి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. పొద్దున్నే జావ కాచాలి, ఎడ్లకు నీళ్లు పెట్టాలి, చిన్నదానికి జడ వేయాలి. నేను వేసిన జడ చూసి మా వదిన నలుగురిలో, "ఏంది మరిదీ, ఎద్దుకు పలుపు పేనినవా?" అన్నది. అదీ గుర్తుంది.

అలాంటి రోజుల్లో భద్రాచలం వైపు నుంచి నాటకాలవాళ్లు వచ్చి మా ఊరి పక్క పందిరి వేశారు. పెద్దదాన్ని నడిపించుకుంటూ, చిన్నదాన్ని భుజాన వేసుకుని వెళ్లాను. ఆ నాటకంలో, కుమ్మరివాణ్ణి పెళ్లాడిందని ఒక రాజు కూతుర్ని వెళ్లగొడతాడు. కొన్నేళ్లకు రాజ్యమూ పోయి, చూపూ పోయి, అడుక్కుంటూ తెలియకుండానే ఆ కూతురి గుమ్మం ముందుకే వస్తాడు. ఒక ముద్ద పెట్టమంటాడు. లోపల కూతురు ఆ గొంతు గుర్తుపట్టి గడియ మీద చెయ్యి వేస్తుంది. అక్కడ తెర పడింది. ఇంకో అంకం ఉందన్నారు. చిన్నదానికి ఒళ్లు వెచ్చబడి ఏడుపు అందుకుంటే లేచి వచ్చేశాను.

మర్నాడు పెద్దది పళ్లు తోముకుంటూ అడిగింది. "నాయనా, తలుపు తీసిందా?"

కనుక్కుని చెప్తానని మాట ఇచ్చాను. పిల్లకిచ్చిన మాటే కదా అని వదిలేసే మనిషిని కాను.

ముందు ఆ నాటకం పాటల పుస్తకం సంపాదించాను. ఇప్పపువ్వు ఎండబోసిన చోట కోళ్లను తోలుతూ చదివాను. జావ పొయ్యి మీద ఉండగా చదివాను, ఒకసారి మాడింది కూడా. ఇంటి పని ఒక్కడే చేసుకునేవాడు పుస్తకం ఇట్లాగే చదవాలి. తీరా ఆఖరి పేజీకి వస్తే, మిగిలిన కథ రంగస్థలం మీద చూసి ఆనందించండని అచ్చు వేశారు. నా పొయ్యి మీద జావ మాడ్చి వాళ్లు చెప్పింది అది.

ఇక మనుషులను అడగడం మొదలుపెట్టాను.

"తీసింది. తండ్రి కాళ్ల మీద పడ్డది. నేను ఏడ్చిన," అన్నాడు మా బావ.

"ఆమె ఎక్కడ తీసింది? కుమ్మరాయన తీసిండు," అన్నది వదిన.

సంతలో ఉప్పు అమ్మే ముసలాయన, తలుపు తీసేసరికి రాజు ప్రాణం పోయిందన్నాడు.

ఇంటికి వచ్చి ముగ్గురి మాటలూ చెప్తే పెద్దది, "అందరూ ఒక్క నాటకమే చూసిన్రా?" అన్నది. అప్పుడు తట్టింది నాకు. నాటకం తెల్లవార్లూ సాగేది, అది చూస్తే ఇప్పపువ్వు రాలే కాలం. మా వైపు ఏ ఇంటి చెట్టు ఆ ఇంటిదే. వెలుగు రాకముందే గంప పట్టుకుని చెట్టు కిందికి చేరకపోతే రాలిన పువ్వు పశువుల పాలే. మా బావ చెట్టు వాగు అవతల ఉంది.

"ఆ పొద్దున నీ గంప నిండింది గద బావా, ఎప్పుడు పోయినవ్?"

"నాటకం కోసం పువ్వు ఆగుతదా?"

"మరి ఏడ్చింది ఎప్పుడు?"

"నడిమిట్ల ఏడ్చిన. నీకు లెక్క చెప్పాల్నా?"

చూడలేదని ఒక్కరూ ఒప్పుకోలేదు. చిన్నదాన్ని వదిన దగ్గర వదిలి, పెద్దదాన్ని వెంటబెట్టుకుని కోంటకు నడిచాను. అక్కడ విడిది చేసిన నాటకాల పెద్ద గడ్డం గీయించుకుంటున్నాడు. నా మాట విని మంగలితో కలిసి నవ్వాడు.

"ఇప్పపువ్వు కాలంల ఈ పక్క చివరి అంకం మేమే ఆడమయ్యా. తెర పడంగనే జనం గంపలు పట్టుకుని లేస్తరు. మిగిలినోళ్లకు మంగళం పాడేస్తం."

"ఆడకపోతే పాయె, నోటితో చెప్పండి."

"కథేమన్న సంతల చింతపండా, రుచి చూపియ్యడానికి? వానలు పోయినంక ఆడతం, టికెట్టు కొనుక్కుని రా."

అంత ఎండలో నడిచి వచ్చిన పిల్లకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. తిరుగు దారిలో, నువ్వైతే తలుపు తీస్తావా అని దాన్ని అడిగాను.

"నన్ను ఎల్లగొట్టినంక అడుగు," అన్నది.

వానలు పోయాయి. వాళ్లు మా వైపు మళ్లీ రాలేదు. పెద్దది ఇప్పుడు అత్తవారింట ఉంది. వచ్చిన ప్రతిసారీ నేను జవాబు తేలేదని దెప్పి గానీ కాళ్లు కడుక్కోదు. నేనూ వదలను. ఆ నాటకాల పెద్ద ఇంకా బతికే ఉన్నాడని విన్నాను.

అయ్యా, నాకు మీ పాటలు వద్దు, మీ మంగళం వద్దు. ఆ పిల్ల చెయ్యి గడియ మీద ఉంది. తీసిందా, లేదా? ఈసారి నవ్వకుండా చెప్పండి.