విమానమెక్కని పులుసు

మాది చెన్నైలోని రాయపురం. నిరుడు మా ఆడపడుచు కడుపుతో ఉండి, వేవిళ్ళతో నెల రోజులు ఏదీ సరిగా తినలేకపోయింది. "అమ్మ చేసే చేపల పులుసైతే తింటానొదినా" అని హైదరాబాదు నుంచి ఫోన్లో ఏడ్చింది. మా అత్త పొద్దున్నే వంజరం చేప తెచ్చి పులుసు పెట్టి, స్టీలు డబ్బాకు గుడ్డ కట్టి, జీవితంలో మొదటిసారి విమానమెక్కడానికి నాతో బయలుదేరింది.

సెక్యూరిటీ దగ్గర డబ్బా ఆపేశారు. మూత తీయగానే వాసన గుప్పుమంది. వెనక క్యూలో ఉన్నవాళ్ళంతా మావైపే చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. ద్రవ పదార్థాలు చేతి సంచిలో తీసుకెళ్ళనివ్వడం కుదరదని అక్కడి అధికారిణి తమిళంలో చెప్పింది.

"వదిలేద్దాం అత్తా" అన్నాను.

అత్త కదల్లేదు. తెలుగూ తమిళమూ కలిపి ఆమెను బతిమాలింది. "నీళ్ళగా ఉండేది పులుసే గదమ్మా? ముక్కలు ముక్కలే గదా! పులుసు ఈడనే పారబోస్తా, ముక్కలు పోనీమ్మా. బిడ్డ నెల దినాలుగా పస్తుండాది."

ఆమె పై అధికారిని అడిగి వచ్చి, నవ్వు ఆపుకుంటూ సరేనంది. అత్త కళ్ళు తుడుచుకుంటూ పులుసంతా వాష్‌బేసిన్లో వంచేసింది. డబ్బాను మళ్ళీ తనిఖీ చేసి వదిలారు.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు రెండు ముక్కలు చిదిమి అన్నంలో కలుపుకొని తింది. వాంతి కాలేదు. "పులుసేదిమా?" అని అడిగితే, "ఏరోప్లేనోళ్ళు ఉంచుకున్న్యారు" అంది అత్త.

ఆ నియమం మన క్షేమం కోసమే, కాదనను. కానీ "వదిలేద్దాం" అన్న నా మాట గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.

– సుజాత, చెన్నై