గట్టుకు వేసిన సున్నం

ఫొటోలు దిగడానికి మాత్రం ముందుంటారు! దాచేపల్లి రోడ్డు మీద గుట్టను కోసిన చోట నిలబడి, పళ్లికిలించి ఫోన్లు నొక్కుకుంటారు. మీ వెనకాల రాతి వరసల సందుల్లో ఆ తెల్లచారలు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఒక్కరన్నా అడిగారా? ఆదాం అనే మనిషి ఉండేవాడని అయినా తెలుసా? అడక్కపోయినా చెబుతా, వినండి.

గుట్టను కోయగా నిలిచిన ఆ గట్టుకు ఎదురుగా రేకుల ఇంట్లో ఉండేవాడు ఆదాం. పిడుగురాళ్ల బట్టీల్లో ముప్పై ఏళ్లు సున్నపురాయి కాల్చాడు. దగ్గు పట్టుకున్నాక అది మానేసి, ఇళ్లకు సున్నాలు వేస్తూ బతికాడు. భార్య నసీమున్నీసా పోయింది. పిల్లల్లేరు. మిరపకోతలు మొదలైతే ఊరు ఊరంతా చేలల్లోనే. పొద్దుగూకేదాకా పలకరించే దిక్కుండదు. పోయే పత్తి లారీలను చూస్తూ కూర్చునేవాడు.

ఒక చలికాలం కాలేజీ బస్సు ఆగింది. ముప్పై మంది పిల్లలు దిగి గట్టు మీద పడ్డారు. ఇక్కడంతా ఒకప్పుడు సముద్రమట. అడుగున బురద పొర మీద పొర పేరుకుని రాయైందని వాళ్ల సారు ప్రేమ్‌చంద్ వేలు పెట్టి చూపించాడు. చలికాలమైనా మిట్టమధ్యాహ్నం ఎండకి పిల్లల నాలుకలు పిడచగట్టాయి. ఆదాం మంచినీళ్ల కుండ బయట పెట్టాడు. తేజశ్రీ అనే పిల్ల రెండు గ్లాసులు గటగటా తాగి, ఆయన బట్టీల్లో పనిచేశాడని విని అడిగింది.

“తాతా, వీటిలో సున్నానికి ఏ రాయి మంచిది?”

“ఆ బూడిదరంగుదమ్మా. ఎర్రచార ఉన్నది బట్టీలో ఎయ్యకూడదు. సున్నం మురిగ్గా వస్తది.”

ఆ పిల్ల అది పుస్తకంలో రాసుకుంది. ఆదాం మాట పుస్తకంలోకి ఎక్కడం అదే మొదలు.

“మళ్లీ ఏడు వస్తాం తాతా” అంది బస్సెక్కుతూ.

ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది గడిపాడు. మళ్లీ చలి మొదలవగానే సున్నం తడిపి, గుడ్డలో వడగట్టి, నీలిమందు కలిపాడు. పక్కింటి కోటేష్‌ని నిచ్చెన అడిగాడు.

“ఎవరింటికి మామా?”

“ఇంటికి కాదురా. గట్టుకి.”

“మతిగానీ పోయిందా? రాయికి సున్నమేంది?”

“చుట్టాలొస్తుంటే సున్నమెయ్యకుండా ఉంటామంట్రా? ఆళ్లు చూసేది నా ఇల్లు కాదు, దాన్నే.”

నాలుగు రోజులు, రెండు పూతలు. నిచ్చెన అందినంత మేరా గట్టు పెళ్లింటి గోడలా తెల్లబడింది.

బస్సొచ్చింది. పిల్లలు పకపకా నవ్వారు. ప్రేమ్‌చంద్ సారు తల పట్టుకున్నాడు.

“ఎంత పని చేశావయ్యా! మేం వచ్చేదే ఆ వరసలు చూడ్డానికి. ఒక్కటన్నా కనపడుతోందా?”

తేజశ్రీ చదువైపోయి వెళ్లిపోయిందట. బస్సు ఇంకో గట్టు వెతుక్కుంటూ పోయింది. కుండలో నీళ్లు కుండలోనే ఉన్నాయి.

మర్నాటి నుంచి ఇనప బ్రష్షు, బిందె పట్టుకుని ఆదాం ఆ గట్టును గోకడం మొదలుపెట్టాడు.

“రెండు వానలు పడితే అదే పోద్ది, వదిలెయ్ మామా” అన్నాడు కోటేష్.

“వానకి పోయే సున్నమైతే ఇన్నేళ్లు నన్నెవడు పిలిచేవాడ్రా?”

నెలల తరబడి గోకాడు. వేళ్లు పగిలాయి. రాయి బయటపడింది గానీ, సందుల్లోకి దిగిన సున్నం రాలేదు. తొలకరికి గట్టంతా చారలు చారలుగా మిగిలింది.

పై ఏడు బస్సు మళ్లీ ఆగింది. ఈసారి సారు కొత్తాయన. గట్టును చూసి ముచ్చటపడ్డాడు.

“ఈ తెల్లచారలు చూడండి. వేల ఏళ్లుగా నీళ్లు ఇంకి, పొరల మధ్య పేరుకున్నవి.”

పిల్లలంతా రాసుకున్నారు. కుండ పక్కన నిలబడ్డ ఆదాం, దగ్గర్లో ఉన్న ఆడపిల్లతో మెల్లగా అన్నాడు.

“అది నేనేసిన సున్నమమ్మా.”

ఆ పిల్ల చెవిలో వైరు తీసింది. “ఏంటి తాతా?”

అంతమంది ముందు సారు మాట తప్పని చెప్పడానికి నోరు రాలేదు.

“ఏం లేదమ్మా. మంచినీళ్లు తాగుతావా?”

“బాటిలుంది” అని వైరు మళ్లీ పెట్టుకుంది.

అందరి సంచుల్లోనూ బాటిళ్లే. ఊరంతా కోతల్లో ఉంది, చెప్పుకోవడానికి కోటేష్ కూడా లేడు. బస్సు వెళ్లాక ఆదాం కుండ మీద మూత పెట్టాడు.

ఆ ఎండాకాలమే పోయాడు. అరవై ఏడేళ్లు.